పడవ కొనేముందు పడి చూడండి

మా మేనల్లుడికి డబ్బొచ్చింది. డబ్బు రావడం తప్పు కాదండి. నాకు రాలేదన్న దుగ్ధతోనే ఇదంతా రాస్తున్నానని మా ఆవిడ అంటోంది. అందులో సగమే నిజం. మిగతా సగం కోసం ఈ నాలుగు ముక్కలూ.

హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం వాడికి. సంక్రాంతికి పెళ్ళాంతో సహా నర్సీపట్నం వచ్చాడు. కనుమనాడు గారెలు తింటూ చల్లగా చెప్పాడు.

“మావయ్యా, జెట్ స్కీ కొంటున్నాను. తాండవలో తిప్పుకుందాం.”

స్కీ అంటే మంచు మీద జారేదని నేను ఎక్కడో చదివాను. మాకు మంచు చూడాలంటే లంబసింగి ఘాటీ ఎక్కాలి. అక్కడ కూడా అది గడ్డి మీద మెరవడానికే గాని మనిషి జారడానికి చాలదు. నా మొహం చూసి వాడు జేబులోంచి ఫోను తీసి బొమ్మ చూపించాడు. మోటారు సైకిలుకి చక్రాలు ఊడదీసి, దోనెలో కూర్చోబెట్టి, పైన చిలకపచ్చ రంగు పూసినట్టుంది.

“ఎంతరా?” అన్నాను.

చెప్పాడు. గారె గొంతుకి అడ్డంపడింది.

“ఆ డబ్బుకి మంచి కారొస్తుంది కదురా!”

“కారు నీళ్ళ మీద నడవదు కదా మావయ్యా.”

ఈ కాలం పిల్లలతో వాదన పెట్టుకుంటే ఇంతే. ఉన్న మాటే అంటారు, మనకి జవాబుండదు. మా ఆవిడ వాడి ఆకులో ఇంకో గారె వేసి, “మీకేవైనా తెలిస్తే చెప్పండి, లేకపోతే పిల్లాణ్ణి తిననివ్వండి” అంది. నాకు తెలిసింది అప్పటికి తక్కువే. కాని ముప్ఫయ్యేళ్ళు బడిపంతులుగా పనిచేసినవాడు, తెలియదని ఒప్పుకుని ఊరుకోడు. తెలుసుకుని మరీ పేచీ పెట్టుకుంటాడు. నేనూ అదే చేశాను.

వాడి ప్రశ్న ఇది: “నమ్మకంగా ఉండాలి, సరదాగా ఉండాలి. నాకంటూ సొంతంగా ఒక నీటి వాహనం కావాలి. ఏది కొనమంటావు?” అడగడంలో తప్పేమీ లేదు. నమ్మకమూ మంచిదే, సరదా అంతకన్నా మంచిది. కాని ఈ రెండు మాటలకీ అమ్మేవాడు చెప్పే అర్థం ఒకటి, నీళ్ళు చెప్పే అర్థం మరొకటి. అమ్మేవాడి అర్థం నమ్మి డబ్బు పోసేవాళ్ళతోనే నా తగువు.

ఎదటి పక్షం వాళ్ళ మాట ముందు చెప్పడం మర్యాద గనక చెబుతాను. జెట్ స్కీ అన్నది నిజానికి కవాసాకీ కంపెనీ తన బండికి పెట్టుకున్న పేరు. ఏ వనస్పతినైనా మనం డాల్డా అన్నట్టు, సీ-డూ అయినా, యమహా వాళ్ళ వేవ్ రన్నరైనా జనం నోట్లో జెట్ స్కీయే. వీటికి మూలపురుషుడు క్లేటన్ జేకబ్సన్ అనే అమెరికా ఆయన. మోటారు సైకిలు పందేల పిచ్చివాడు. నేల మీద పడితే ఒళ్ళు చీరుకుపోతోంది, అదే నీళ్ళ మీద పడితే ఎంత సుఖం అన్నది ఆయన ఆలోచన. 1968లో మొదటి సీ-డూ వచ్చింది. 1970ల మొదట్లో కవాసాకీ వాళ్ళది వచ్చింది. ఆ తొలి కవాసాకీ మీద కూర్చోడానికి వీల్లేదు, నిలబడే నడపాలి. దానికొక మంచి గుణం ఉండేది. నడిపేవాడు జారి పడిపోతే వాణ్ణి వదిలేసి పారిపోయేది కాదు. నెమ్మదిగా చుట్టూ తిరుగుతూ పడినవాడి దగ్గరికే వచ్చేది.

ఈ సంగతి చదివినప్పుడు నాకు ఆ బండి మీద గౌరవం కలిగింది. మనిషి పడతాడని ముందే ఒప్పుకుని తయారుచేసిన బండి అది. తరవాత కూర్చునే బండ్లొచ్చాయి, ఇద్దరూ ముగ్గురూ ఎక్కే బండ్లొచ్చాయి, గుర్రపు శక్తి పెరిగింది. పడటం గురించి మాట్లాడటం తగ్గిపోయింది. ఇప్పుడు అమ్మకం కాయితాల్లో వేగం ఉంటుంది, రంగులుంటాయి, పాటలు పెట్టుకునే స్పీకర్లుంటాయి. పడితే ఏమిటన్నది ఎక్కడో అట్టడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది.

నాకు సరదా తెలీదని అనుకోకండి. రెండేళ్ళ కిందట విశాఖపట్నం రుషికొండలో వాడి బలవంతం మీద నేనూ ఎక్కాను. నడిపే కుర్రాడి నడుం రెండు చేతులా పట్టుకుని, అమ్మవారి దండకం గుర్తున్నంతవరకూ చదువుకుంటూ, సముద్రం మీద ఒక చుట్టు తిరిగొచ్చాను. బాగుంది. దిగాక మళ్ళీ ఎక్కాలనిపించింది కూడా. కాని అక్కడ ఒడ్డున ఈలలు వేసే మనుషులున్నారు, చెడితే బాగుచేసేవాళ్ళున్నారు, నడిపేవాడికి రోజూ అదే పని. అద్దెకి పది నిమిషాలు తిరగడం వేరు, కొని తాళంచెవి జేబులో వేసుకోవడం వేరు. గుర్రబ్బండి ఎక్కినవాడల్లా గుర్రాన్ని కొనుక్కోడు కదా!

ఇప్పుడు ఆ యంత్రం సంగతి వినండి. దానికి మన పడవకున్నట్టు చుక్కాని లేదు. అడుగున ఒక జల్లెడలాంటి కన్నం ఉంటుంది. ఇంజను అందులోంచి నీళ్ళు పీల్చి, లోపలి పంకాతో వెనక గొట్టం గుండా ధారగా చిమ్ముతుంది. ఆ ధార తోపుకే బండి ముందుకి పోతుంది. ఆ గొట్టం మూతిని ఇటూ అటూ తిప్పితేనే బండి తిరుగుతుంది. అంటే ధార ఉన్నంతసేపే అది మన మాట వింటుంది. ఎదట వల కనబడిందనో పిల్లాడు కనబడ్డాడనో భయపడి యాక్సిలరేటరు వదిలేశామా, ధార ఆగిపోతుంది, ధారతో పాటు చుక్కానీ పోతుంది. హ్యాండిలు ఎంత తిప్పినా బండి తను పోయే దారినే తిన్నగా జారుకుంటూ పోతుంది. భూమ్మీద మనకి పుట్టినప్పటినించీ అలవాటైన బుద్ధి, భయమేస్తే వేగం తగ్గించడం. ఇక్కడ సరిగ్గా ఆ బుద్ధే ముంచుతుంది. 2009 నుంచి కొన్ని సీ-డూ బండ్లకి నీటి బ్రేకు పెట్టారు, కాదనను. అది ఉన్న బండీ లేని బండీ పక్కపక్కన పెడితే మనవాళ్ళు దేనికి బేరమాడతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

మరో మాట. వెనక కూర్చున్న మనిషి వెనక్కి తిరగబడి పడితే, ఆ ధార ఒంట్లోకి దూసుకుపోయి లోపలి అవయవాలకి గాయం చెయ్యగలదు. అందుకే దళసరి రబ్బరు లాగు వేసుకోమని బండి మీదే చీటీ అంటించి ఉంటుంది. మనం చూసిన ఫొటోల్లో వెనక సీట్లో అమ్మాయిలు ఏం వేసుకుంటున్నారు? చున్నీలు, చీరలు!

ఇహ మన నీళ్ళ సంగతి. తాండవ జలాశయం మా నాతవరం మండలంలో ఉంది. దాని పూర్తి మట్టం 380 అడుగులని మా వైపు రైతులు పంచాంగంలో తిథిలా చెబుతారు. ఎందుకంటే ఆ మట్టం మీదే వాళ్ళ నాట్లు ఆధారపడి ఉంటాయి. ఆ నీళ్ళు ఇటు మా వైపు పొలాలకీ, అటు కోటనందూరు, తుని వైపు పొలాలకీ పోవాలి. ఆ నీళ్ళలోనే చేపల వలలుంటాయి. జలాశయం అన్నది ఒకప్పుడు నేలే గనక, నీరు దిగినప్పుడు మొద్దులూ బండలూ పైకొస్తాయి. జల్లెడ కన్నంతో నీళ్ళు పీల్చే యంత్రానికి నాచు ఒక శత్రువు, గుర్రపుడెక్క ఇంకో శత్రువు, వల తాడు అన్నిటికన్నా పెద్ద శత్రువు. అది పంకాకి చుట్టుకుంటే బండి అక్కడే ఆగిపోతుంది. బండి ఖరీదు సరే, వల ఖరీదు ఎవడిస్తాడు? లక్షలు పోసి సరదా కొనుక్కున్నవాడు, ఆ పూట కూడు పోయినవాడి వంక తిరిగి చూస్తాడా?

మావాడు దీనికీ సిద్ధంగానే ఉన్నాడు. “నమ్మకమైన కంపెనీ మావయ్యా, ఇంజను అసలు చెడదు.”

మా నర్సీపట్నంలో మెకానిక్కులకి కొదవ లేదు. అబీదు సెంటర్లో నిలబడి చప్పట్లు కొడితే నలుగురొస్తారు. ట్రాక్టరు విప్పుతారు, ఆటో విప్పుతారు, సగం రాత్రి లేపినా తిట్టుకుంటూ పంపుసెట్టు విప్పుతారు. కాని ఈ బండి రబ్బరు సీలు ఒకటి పోతే అది ఎక్కణ్ణించి రావాలి? ఏ ఊళ్ళో దొరుకుతుంది? ఎన్ని వారాలకి దొరుకుతుంది? దుకాణం వాడి దృష్టిలో నమ్మకమంటే చెడకపోవడం. పల్లెటూరి దృష్టిలో నమ్మకమంటే, చెడినా మన ఊళ్ళో బాగుపడటం. నీళ్ళ దృష్టిలో నమ్మకమంటే ఇంకా వేరు. అది నాకు ఒక చేపలు పట్టుకునే పెద్దాయన నేర్పాడు.

జనవరి నెలాఖరుకి మావాడు మళ్ళీ వచ్చి నన్ను తాండవ గట్టుకి తీసుకుపోయాడు, స్థలం చూసుకోడానికి. అక్కడొకాయన వల బాగుచేసుకుంటున్నాడు. పక్కనే ఆయన తెప్ప. థర్మోకోలు దిమ్మల మీద పట్టా చుట్టి, తాళ్ళతో బిగించి కట్టినది. మావాడు ఆయనకి ఫోన్లో బొమ్మ చూపించాడు. ఆయన కళ్ళు చికిలించి చాలాసేపు చూశాడు.

“ఎంత బేగి ఎల్తాది బాబూ?”

“గంటకి ఎనభై కిలోమీటర్లు తాతా.”

“ఎల్లి?”

మావాడికి అర్థం కాలేదు. “అంటే?”

“అంత బేగి ఎల్లి ఏటి సేస్తారని.”

నేను దగ్గు తెచ్చుకుని మొహం తిప్పుకున్నాను. ఆయన ఎగతాళికి అనలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. తరవాత రెండో ప్రశ్న వేశాడు.

“పడితే మల్లీ ఎలగెక్కుతారు?”

“నేను పడను తాతా.”

ఆయన వల కింద పెట్టి నవ్వాడు. “నాను ఈ నీల్ల మీదే ముసిలోణ్ణయిపోనాను బాబూ. నానే పడతాను.” తెప్ప మీద చెయ్యి వేశాడు. “దీన్ని ఏ ఇంజినీరూ కట్టలేదు. తిరగబడినా తెప్పే, తిరగబడకపోయినా తెప్పే.”

నేను ఎన్ని పుస్తకాలు తిరగేసినా దొరకని మాట ఆ ఒక్క ముక్కలో దొరికింది. తెప్పకి మునగడానికి లోపల గుంట లేదు. కెరటం మీదకొస్తే నీళ్ళు సందుల్లోంచి కిందకి పోతాయి. మన పూడిమడక తీరంలో మత్స్యకారులు తరతరాలుగా కర్ర దుంగల తెప్పల మీద సముద్రంలోకి వెళ్ళింది ఈ సూత్రం మీదే. ఇప్పుడు అక్కడ ఫైబరు పడవలొచ్చాయి, మోటార్లొచ్చాయి, అది వేరే కథ. నేను చెప్పేది సూత్రం. మునిగిపోకుండా ఉండటం సగం నమ్మకం. పడినవాడు మళ్ళీ ఎక్కగలగడం మిగతా సగం.

ఈ రెండో సగం నాకు స్వానుభవం. 1970లో నాకు పదమూడేళ్ళు. నేనూ నా స్నేహితుడూ నాలుగు అరటి బోదెలు వెదురు పుల్లలతో గుచ్చి తెప్ప కట్టాం. వానాకాలం, చెరువు నిండా నీళ్ళు. నాకు ఈత రాదు. ఆ సంగతి వాడికి చెప్పడానికి నామోషీ. నడిమధ్యకి వెళ్ళాక పుల్లలు ఊడిపోయి, బోదెలు నాలుగూ నాలుగు దిక్కులకి పోయాయి. నేను కిందకి పోయాను. పైకి తేలేసరికి వాడు ఒక బోదెని నా గుండెల మీదకి తోసి అరిచాడు: “కొట్టుకోకురా, కావిలించుకో!” ఒక చేత్తో నా చొక్కా కాలరు పట్టుకుని, రెండో చేత్తో ఈదుకుంటూ, తను నీళ్ళు మింగుతూ నన్ను ఒడ్డుకి లాక్కొచ్చాడు. ఇంటికెళ్ళాక మా నాన్న చింతబరికె తీశాడు. ఆ దెబ్బలు ఇప్పుడు జ్ఞాపకం లేవు. కాలరు మీద ఆ చెయ్యి మాత్రం జ్ఞాపకం ఉంది. వాడు ఇప్పటికీ ఊళ్ళోనే ఉన్నాడు. బజారులో కనిపిస్తే, పలకరించడానికి ముందు నా చొక్కా కాలరు సర్దుతాడు. ఎందుకో మా ఇద్దరికే తెలుసు.

అందుకే ఆ యంత్రానికి ఇంగ్లీషువాళ్ళు పెట్టిన ఉమ్మడి పేరు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పర్సనల్ వాటర్ క్రాఫ్టట! పర్సనల్! సొంతం, వ్యక్తిగతం, ఒక్కడిది. నీళ్ళ మీద ఒక్కడిది అనేదేమిటండీ? మన భాషలో సంగడి అని ఒక మాట ఉంది. రెండు తాటిదోనెల్ని పక్కపక్కన జతచేసి కట్టినదాన్ని సంగడి అంటారు. ఆ మాటకే దగ్గరితనం, చెలిమి అనే అర్థాలూ ఉన్నాయి. సంగడీడు అంటే స్నేహితుడు. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట ఒక గ్రీకు వర్తకుడు రాసిన ‘పెరిప్లస్’ అనే పుస్తకంలో, మన తూర్పు తీరం గురించి చెబుతూ, దుంగలు జతకట్టిన ‘సంగర’ అనే నావల ప్రస్తావన ఉంది. అంటే అప్పటికే మనవాళ్ళకి తెలుసన్నమాట. ఒంటి దోనె బోర్లా పడుతుంది, జత దోనె నిలబడుతుంది.

ఇక్కడ నా పక్షం వాళ్ళతోనూ ఒక పేచీ ఉంది. “అంతే మాస్టారూ, మన పాత తాటిదోనె ముందు ఈ ఫారిన్ బండ్లు బలాదూర్” అని నా భుజం తట్టేవాళ్ళు కొందరు తయారయ్యారు. అయ్యా, దయచేసి నన్ను మీ జట్టులో కలుపుకోకండి. ఒంటి తాటిదోనె గుండ్రటి అడుగుతో ఎలా ఊగుతుందో ఎప్పుడైనా ఎక్కి చూశారా? తిరగబడితే నిండా నీళ్ళు పట్టి మొద్దైపోతుంది. ఈత రానివాడికి అది ఆసరా కాదు. చిన్నప్పటినించీ దాని మీద తిరిగినవాడికి అది బతుకుతెరువు. ఆదివారం సరదాకి వెళ్ళే మీకూ నాకూ అది ప్రమాదం. పాతదైనంత మాత్రాన నీళ్ళు దాన్ని గౌరవించవు.

పెద్ద పడవ ఎక్కితే భయం లేదనేవాళ్ళకి 2019 సెప్టెంబరు 15 గుర్తుచేస్తాను. గోదావరిలో పాపికొండలకి వెళ్తున్న పడవ కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. రెండంతస్తుల పడవ, ఇంజనున్న పడవ. అందులోంచి 26 మంది ప్రాణాలతో బయటపడ్డారు. ఆ చుట్టుపక్కల పల్లెల గిరిజనులు తమ చిన్న పడవలు వేసుకుని ఎదురొచ్చి వాళ్ళని పైకి లాగారు. మిగతావాళ్ళ ఇళ్ళలో ఏం జరిగిందో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. లైఫ్ జాకెట్టు ఒంటి మీద ఉండటానికీ, పడవలో ఎక్కడో ఉండటానికీ ఎంత తేడా ఉందో ఆ రోజు రాష్ట్రమంతా చూసింది. చూసి మరిచిపోయింది.

సరే, అదీ వద్దు, ఇదీ వద్దంటే మరేం కొనాలయ్యా అంటారు. చెబుతాను.

మొట్టమొదట కొనవలసింది పడవ కాదు, లైఫ్ జాకెట్టు. అందులోనూ రకాలున్నాయి. 50 న్యూటన్లు అని రాసి ఉంటే అది ఈత వచ్చినవాడికి సాయం మాత్రమే. ఈత రానివాడికి 100 న్యూటన్లదో, అంతకన్నా ఎక్కువదో కావాలి. వేసుకుని బకిల్సు బిగించాక, పక్కవాణ్ణి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. అది చెవుల దాకా వచ్చేస్తే మీ కొలత కాదు. పిల్లలకి పిల్లల కొలతే కొనండి. వచ్చే ఏడాదికి సరిపోతుందని పెద్దది కొనడానికి ఇది స్కూలు యూనిఫారం కాదు. దానికొక ఈల కట్టండి. గొంతు పోయినా ఈల పలుకుతుంది.

రెండోది ఈత. అది డబ్బుతో రాదు, అందుకే దాని మాట ఎవరూ ఎత్తరు.

మూడోది పడవ. తెప్ప సూత్రం మీదే ఇప్పుడు కయాకులొస్తున్నాయి. లోపల దూరి కూర్చునేవి కాదు, పైన కూర్చునేవి. మన మేడల మీద నల్లటి నీళ్ళ టాంకులు ఏ పద్ధతిలో పోతపోస్తారో వీటినీ ఆ పద్ధతిలోనే పోస్తారు. కూర్చునే చోట ఆరుపారు కన్నాలుంటాయి. మీదకొచ్చిన నీళ్ళు వాటిలోంచి కిందకే పోతాయి. తిరగబడితే ఇద్దరు కలిసి తిప్పుకోవచ్చు, మీదకి ఎగబాకవచ్చు. రెండు సీట్లది కొనండి. ఒక సీటుది చవకని ఆశపడకండి. ఎంత బరువు మోస్తుందని కంపెనీ రాస్తుందో దాంట్లో మూడింట రెండు వంతులే లెక్కలోకి తీసుకోండి. నీళ్ళు వదిలే బిరడా గట్టిగా ఉందో లేదో చూడండి. ఇంటికి తెచ్చాక ఎండలో పడెయ్యకండి, ఎండకి ప్లాస్టిక్కు పెళుసెక్కుతుంది. గాలికి ఇది తేలిగ్గా కొట్టుకుపోతుంది గనక, గాలి ఒడ్డు నుంచి లోపలికి వీచే పూట దించనే దించకండి. అన్నీ కలిపినా దీని ధర ఒక బుల్లెట్ బండి ధర దాటదు. పెట్రోలు తాగదు, చప్పుడు చెయ్యదు, వల కొయ్యదు. మెకానిక్కు అక్కర్లేదు.

ఇంత చెప్పినా ఇంజనే కావాలి అనే మొండివాళ్ళుంటారు. వాళ్ళకీ రెండు మాటలు. పాత బండి కొంటే ఎన్నేళ్ళదని అడక్కండి, ఎన్ని గంటలు నడిచిందో మీటరు చూడండి. పాత టూ-స్ట్రోకు జోలికి పోకండి, అది పెట్రోలు కాల్చినంత కాల్చి మిగతాది నీళ్ళలో కక్కుతుంది. ఉప్పునీళ్ళలో తిరిగిన బండి అయితే ప్రతిసారీ మంచినీళ్ళతో కడిగారో లేదో కనుక్కోండి. ఇంజను ఆపే తాడు ఉంటుంది, దాన్ని మణికట్టుకో జాకెట్టుకో తగిలించుకోకుండా స్టార్టు చెయ్యకండి. బండి తిరగబడితే ఏ పక్కకి తిప్పాలో వెనక బొమ్మ ఉంటుంది. రెండో పక్కకి తిప్పితే ఇంజన్లోకి నీళ్ళు పోతాయి. ఇంకోటి, 2021లో వచ్చిన లోతట్టు నౌకల చట్టం ప్రకారం ఇంజనుతో నడిచేవాటికి రిజిస్ట్రేషన్ వ్యవహారం ఉంది. ఇంజనున్నా లేకపోయినా జలాశయంలో ఏదీ అడక్కుండా దించకూడదు. అది మన పెరటి నుయ్యి కాదు.

“ఇందులో సరదా ఏదీ?” అని అడుగుతారు. అడగండి. ఎనభై కిలోమీటర్ల వేగంతో పోయేవాడికి కనబడేది ఒకటే, ఎదర నీళ్ళు. తెడ్డు వేసుకుంటూ పోయేవాడికి కొంగ కనిపిస్తుంది, కొండ నీడ కనిపిస్తుంది, పక్కవాడి మాట వినిపిస్తుంది. అయినా వేగంలో సరదా లేదని నేననను, నేనే రుషికొండలో కేకలు పెట్టినవాణ్ణి. నేననేది ఒకటే. పడితే ఎలా ఎక్కాలో తెలిసినవాడికే సరదా దక్కుతుంది. తెలియనివాడిది సరదా కాదు, అదృష్టం. అదృష్టాన్ని వాయిదాల మీద కొనుక్కోవడం మంచి బేరం కాదు.

ఈ మాటే మావాడికి చెప్పాను. “నువ్వు ఏదైనా కొనుక్కో. కాని ముందు ఒకసారి పడి ఎక్కి చూపించు.” వాడికి పౌరుషం వచ్చింది.

ఉగాదికి మా అత్తవారి ఊరి చెరువులో పరీక్ష. అరువు తెచ్చిన జాకెట్టు, అక్కడి చేపలవాళ్ళ తెప్ప, గుండెల లోతు నీళ్ళు, ఒడ్డున వాడి పెళ్ళామూ మా ఆవిడా సగం ఊరూ. మొదటిసారి ఎక్కబోయి వెనక్కి పడ్డాడు. రెండోసారి తెప్ప వాడి మీదకే తిరిగింది. మూడోసారి కాలు వేశాడు, ఒళ్ళు రాలేదు. జిమ్ములో కండలు పెంచినవాడు, ఏడుసార్లు పడ్డాడు. చివరికి చేపలవాళ్ళ కుర్రాడొకడు దిగి, “సేతులతో లాక్కోకు అన్నా, కాళ్ళు ఎనక్కి ఈతేసి పొట్ట మీద రా” అని చెబితే, ఎనిమిదోసారి దున్నదూడలా మీదకి వచ్చి పడ్డాడు. ఊరంతా ఈల వేసింది.

తెప్ప మీద వెల్లకిలా పడుకుని రొప్పుతున్నాడు. నేను ఒడ్డు నుంచి అడిగాను.

“ఏరా, సరదాగా ఉందా?”

“ఉంది మావయ్యా.” కాసేపాగి మెల్లిగా అన్నాడు. “గుండెల లోతులోనే ఇలా ఉంది. తాండవ మధ్యలో అయితే...”

ఆ మాట పూర్తి చెయ్యలేదు. నేనూ పూర్తి చెయ్యమనలేదు.

మొన్న హైదరాబాదు నుంచి ఒక పార్సిలొచ్చింది. గెలిచిన గర్వంతో మా ఆవిడ ఎదటే విప్పాను. పడవ ఇంకా నిర్ణయం కాలేదట గాని, నూరు న్యూటన్ల జాకెట్లు మూడున్నాయి. వాడిదొకటి, వాడి పెళ్ళానిదొకటి. మూడోది విప్పి చూస్తే అచ్చంగా నా కొలత. లోపల చీటీ పెట్టాడు: ‘మావయ్యా, రెండు సీట్ల పడవకి రెండో మనిషి కావాలన్నావు కదా. నా పెళ్ళాం రానన్న రోజు నువ్వే. ముందు నువ్వూ ఒకసారి పడి ఎక్కి చూపించాలి.’

మా ఆవిడ చీటీ రెండుసార్లు చదివి, నవ్వాపుకుంటూ వంటింట్లోకి పోయింది. వచ్చే ఆదివారం ముహూర్తం. నాకు అరవై ఎనిమిదేళ్ళు. ఈత నాకు ఇప్పటికీ అంతంతమాత్రమే.

అందుకని నా సంగడీడికి కబురు పెట్టాను. వస్తానన్నాడు. కాలరున్న చొక్కాయే వేసుకు రమ్మన్నాడు.